పేరు బోర్డు లేని ఇంగ్లీష్ క్లాసు: ఒక్క 'అగాస్ట్' మీదే సాయంత్రమంతా

నల్లగొండలో ఇంగ్లీష్ కోచింగ్ అనగానే అందరూ అడిగేవి మూడే. మెటీరియల్ ఇస్తారా, టెస్టులు పెడతారా, ఎన్ని నెలల్లో సిలబస్ అయిపోతుంది. నేను చెప్పబోయే క్లాసులో మెటీరియల్ లేదు, టెస్టులు లేవు, సిలబస్ ఎప్పుడు అయిపోతుందో పాఠం చెప్పే సారుకే తెలియదు. అయినా వెళ్లమనే అంటాను. అందరినీ కాదు. ఎవరికి పనికొస్తుంది, ఎవరికి డబ్బు దండగ అన్నది కొంచెం వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఈ మధ్య మా జూనియర్లు చాలామంది అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక నాకు లేదు.

రామగిరి వైపు ఒక మేడ మీద గది. బయట పేరు బోర్డు లేదు, సంస్థకు పేరు లేదు, సారు తన పేరు ఎక్కడా రాయొద్దంటారు కాబట్టి నేనూ రాయడం లేదు. సర్కారు హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రం ఆరింటికి మొదలు, ఏడున్నరకు అయిపోవాలి గానీ ఎనిమిదికి ముందు ఎవరూ మెట్లు దిగింది చూడలేదు. నెలకు ఎనిమిది వందలు. గ్రామర్ విడిగా చెప్పరు, స్పోకెన్ ఇంగ్లీష్ కాదు, వొకాబులరీ ఒక్కటే. వచ్చేవాళ్లలో ఎస్సెస్సీ (పదో తరగతి కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్), బ్యాంకు పరీక్షల వాళ్లు ఎక్కువ, టెట్‌లో ఇంగ్లీష్ 30 మార్కుల కోసం వచ్చే బీఎడ్ పిల్లలు కొందరు, ఎన్జీ కాలేజీ డిగ్రీ వాళ్లు కొందరు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ 150 మార్కుల పేపర్ ఉన్నా అది క్వాలిఫై అయితే చాలు కదా, ర్యాంకులో కలపరు కదా అని తేలిగ్గా వచ్చి కూర్చునేవాళ్లు ఒకరిద్దరు.

క్లాసు ఎట్లా ఉంటుందో చెప్పాలంటే ఒక పదం చూపిస్తే సరిపోతుంది. మార్కెట్లో దొరికే గైడ్లన్నీ ఒక పేజీలో నలభై పదాలు ఇస్తాయి, ఎదురుగా తెలుగులో ఒక్క మాట, అయిపోయింది. ఈ సారు ఒక పదం పట్టుకుంటే గంట. నేను ఉదాహరణగా తీసుకునేది అగాస్ట్ (aghast), ఎందుకంటే ఆ రోజు నోట్స్ నా దగ్గర ఇంకా ఉంది, పైగా ఆ ఒక్క క్లాసులోనే సారు బలమూ బలహీనతా రెండూ బయటపడ్డాయి.

బోర్డు మీద ఏ, జీ, హెచ్, ఏ, ఎస్, టీ అని రాసి చదవమన్నారు. ఒకరు అఘస్ట్ అన్నారు, ఒకరు అఘాస్ట్ అన్నారు, వెనక బెంచీ నుంచి ఎవరో ఆగస్టు అనేశారు. గదంతా నవ్వులు. సారు మాత్రం సీరియస్‌గా, మనవాళ్లు ఘోస్ట్ అని 'ఘ' ఒత్తి పలుకుతారు, అసలు అక్కడ హెచ్‌కు పనే లేదు, గోస్ట్ అనాలి, ఇదీ అంతే, మొదటి 'అ' వినీ వినపడనట్టు, బరువంతా 'గా' మీద వేసి అగాస్ట్ అనండి అని అందరితో రెండుసార్లు అనిపించారు. అమెరికా వాళ్లు ఆ 'గా'ను 'గ్యా'కు దగ్గరగా పలుకుతారట, పరీక్షలో ఎవరూ అడగరు గానీ సినిమాలు చూసేవాళ్ల కోసం చెప్తున్నా అన్నారు.

తర్వాత అర్థం. ఎవరి గైడ్‌లో ఏముందో చదవమన్నారు. ఒకదాంట్లో ఆశ్చర్యపోయిన, ఇంకోదాంట్లో భయపడిన, ఫోన్‌లో చూసినవాళ్లు షాకైన. మూడూ బోర్డు మీద రాసి, ఇవి మూడూ ఒకే మనిషికి ఒకే క్షణంలో జరగాలి, దాని మీద ఇంకొకటి కూడా పడాలి, అప్పుడే అగాస్ట్ అన్నారు. ఆ ఇంకొకటి ఏంటంటే, 'ఇట్ల కూడ చేస్తరా మనుషులు' అనే ఏవగింపు. పెళ్లిలో చిన్ననాటి స్నేహితుడు కనపడితే ఆశ్చర్యం ఉంటుంది, అది సర్‌ప్రైజ్డ్. చీకట్లో కాలికింద పాము మెత్తగా తగిలితే భయం, అది టెరిఫైడ్. ముసలి తండ్రిని బస్టాండులో కూర్చోబెట్టి కొడుకు బస్సెక్కి వెళ్లిపోయాడని తెలిస్తే నోట మాట రాకుండా నిలబడిపోతామే, అక్కడ వాడాలి ఈ పదం. సంతోషంతో ఎవరూ అగాస్ట్ అవరు. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని కూడా అవరు, సరదాకు అంటే తప్ప. మనం ఇప్పుడు మటన్ రేటుకూ షాకే, మార్కులకూ షాకే, పక్కింటివాళ్లు కొత్త బండి కొన్నా షాకే, ఆ షాక్‌ను తీసుకెళ్లి అగాస్ట్ పక్కన పెడితే ఇంగ్లీష్ రాసినట్టు కాదు అన్నారు. ఈ ముక్క ఒక్కటి చాలు నాకు ఆ నెల ఫీజు గిట్టుబాటు కావడానికి.

ఆ తర్వాత అరగంట చరిత్ర. ఇక్కడే క్లాసు రెండుగా చీలిపోతుంది, ముందు బెంచీలు కళ్లు పెద్దవి చేసుకుని వింటాయి, వెనక బెంచీలు గడియారం చూస్తాయి. పాత ఇంగ్లీష్‌లో గాస్ట్ అంటే ఆత్మ, దయ్యం, దాన్నుంచే ఇప్పటి ఘోస్ట్ వచ్చింది. ఆ మాటకు చుట్టమైన ఒక పాత క్రియకు భయపెట్టడం అని అర్థం. దాని ముందు 'అ' చేరి, భయంతో బిగుసుకుపోయినవాడు అనే అర్థంలో మధ్యయుగాల్లో అగాస్ట్ తయారైంది. అప్పట్లో దీనికి హెచ్ లేదు. ఘోస్ట్‌కు హెచ్ ఎట్లా వచ్చిందంటే, ఇంగ్లండ్‌లో 1476లో మొదటి అచ్చుయంత్రం పెట్టిన కాక్స్‌టన్ అంతకుముందు ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్‌లో ఉండి వచ్చినవాడు, అక్కడి భాషలో దయ్యం మాటను హెచ్ పెట్టి రాసేవాళ్లు, ఆ అలవాటు ఇక్కడి పుస్తకాల్లోకి ఎక్కిందంటారు. ఘోస్ట్‌ను చూసి అగాస్ట్ కూడా తర్వాత తర్వాత హెచ్ తగిలించుకుంది. గాస్ట్లీ (భయంకరమైన) అనే మాట కూడా ఇదే ఇంటిపేరు. షేక్‌స్పియర్ కింగ్ లియర్‌లో గాస్టెడ్ అని భయపడ్డ అనే అర్థంలోనే వాడాడు. ఇవన్నీ సారు ఒక్క కాగితం చూడకుండా చెప్తారు.

నాకు ఇవి నచ్చుతాయి. స్పెల్లింగ్ ఎప్పటికీ మర్చిపోను, దయ్యంలో హెచ్ ఉంది కాబట్టి ఇందులోనూ ఉంది, అంతే. కానీ నా పక్కన కూర్చునే అమ్మాయి మునుగోడు బస్సు పట్టుకోవాలి, బ్యాంకు ప్రిలిమ్స్ దగ్గర పడింది, ఆమెకు కాక్స్‌టన్ ఎందుకు? ఆమె కోపంలో న్యాయం ఉంది. సార్, పాయింట్ చెప్పండి సార్ అని ఒకసారి అడిగేసింది కూడా. 'చెప్తున్న బిడ్డా, వచ్చేది అదే' అని ఇంకో పది నిమిషాలు దయ్యాల మీదే నడిపారు.

పాయింట్ వచ్చాక మాత్రం గట్టిగానే వచ్చింది. ఎస్సెస్సీ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్ మొదటి దశ, అంటే టైర్-1లో ఇంగ్లీష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పు చేస్తే అర మార్కు పోతుంది, అందులో తప్పు పట్టుకునే ప్రశ్నలకు ఇలాంటి పదాలే పనికొస్తాయి. మొదటిది, దీని వెనక వచ్చే చిన్న మాట 'ఎట్'. అగాస్ట్ ఎట్ ద న్యూస్. 'బై' పెడితే తప్పు, 'ఫ్రమ్' పెడితే ఇంకా తప్పు. రెండోది, ఈ పదం నామవాచకం ముందు కూర్చోదు. అగాస్ట్ మ్యాన్ అనరు. ద మ్యాన్ వాజ్ అగాస్ట్ అనాలి, స్టుడ్ అగాస్ట్ అనొచ్చు, లుక్డ్ అగాస్ట్ అనొచ్చు. ముందు పెట్టాలని మరీ ముచ్చటగా ఉంటే హారిఫైడ్ వాడుకోండి, అది ఎక్కడైనా కూర్చుంటుంది. ఇదే గుంపులో అఫ్రెయిడ్, అస్లీప్, అలైవ్, అలోన్ ఉన్నాయి, అన్నీ 'అ'తో మొదలయ్యేవే, అన్నీ వెనకే నిలబడేవి. నిద్రపోతున్న పాపను స్లీపింగ్ బేబీ అంటాం గానీ అస్లీప్ బేబీ అనం. ఇంకొకటి, వెరీ అగాస్ట్ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఈ మాటలోనే చివరి మెట్టు ఉంది, ఇంక దాని పైన వెరీ ఎక్కదు.

గైడ్‌లో ఈ నాలుగు ముక్కలూ ఉండవు, నేను నా దగ్గరున్న వాటిల్లో వెతికాను. మంచి లెర్నర్స్ డిక్షనరీల్లో, ఆక్స్‌ఫర్డ్‌లో అయినా కేంబ్రిడ్జ్‌లో అయినా, నామవాచకం ముందు రాదు అని చిన్న అక్షరాల్లో బ్రాకెట్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవడం నేర్పడమే ఈ సారు అసలు పని అనిపిస్తుంది నాకు.

తర్వాత ఎవరి వాక్యం వాళ్లు రాయాలి. ఇది తప్పనిసరి, రాయకపోతే లేపి నిలబెడతారు. కనగల్ నుంచి వచ్చే ఒక పిల్లాడు, ఫ్లోరైడ్ నీళ్లు చూసి మర్రిగూడ ప్రజలు అగాస్ట్ అయ్యారు అని రాశాడు. గ్రామర్ ప్రకారం తప్పు లేదు, ఎట్ కూడా సరిగ్గా పెట్టాడు. సారు చదివి ఆగిపోయారు. 'ఊరోళ్లు ఎందుకైతరు బిడ్డా? వాళ్లు పుట్టినకాడి నుంచి చూస్తుండ్రు గద' అన్నారు. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ తాగొద్దని మన ప్రమాణాలు చెప్తాయి, మన జిల్లాలో అంతకు ఎన్నో రెట్లున్న బోర్ల నీళ్లు తాగి పళ్లు గారపట్టి, కాళ్లు వంకర్లు పోయి, నడుములు వంగిపోయిన మనుషులు తరాలుగా ఉన్నారు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు అది కొత్త కాదు. హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో మొదటిసారి వచ్చిన ఆఫీసరు, ముప్పయ్యేళ్ల మనిషి ముసలివాడిలా కర్ర పట్టుకుని నడవడం చూసి నోరు పెగలక నిలబడితే, అగాస్ట్ అయింది ఆ ఆఫీసరు. ఈ పదంలో 'ఒక్కసారిగా' అనేది దాగి ఉంది, రోజూ చూసేవాడికి ఇది రాదు.

ఆ పిల్లాడు ఊరుకోలేదు. మా అమ్మమ్మది ఆ వైపే సార్, ఆమె కాళ్లు నేను చూసినప్పటి నుంచీ అట్లనే ఉన్నయి, మాకు బాధ ఉంది, కోపం ఉంది, షాక్ అయితే లేదు, మరి దానికేం పదం అని అడిగాడు. ఆ ప్రశ్న మీద నిజంగా మంచి చర్చ జరిగింది. అపాల్డ్ పెట్టుకోవచ్చా అంటే కొంతవరకు పెట్టొచ్చు, ఎందుకంటే అందులో ఇది అన్యాయం అన్న తీర్పు ఎక్కువ, అగాస్ట్‌లో మనిషి బిగుసుకుపోవడం ఎక్కువ. ఏళ్ల తరబడి ఉన్న పరిస్థితి మీద ఐ యామ్ అపాల్డ్ అనొచ్చు, ఆ క్షణంలో గుండె ఆగినంత పనైనప్పుడు అగాస్ట్ అనాలి. మాటలో మాటగా నల్లగొండ టెక్నిక్ సంగతి వచ్చింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే ఆ పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) తయారుచేస్తే, ప్రపంచంలో నీటి ఇంజినీరింగ్ పుస్తకాల్లో మన ఊరి పేరుతోనే ఉంది. మన ఊరి పేరు ఇంగ్లీష్‌లోకి వెళ్లింది చూడండి, ఎందుకు వెళ్లిందో కూడా చూడండి అని సారు అంటే ఎవరికీ గర్వపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. పరీక్షకు పనికొచ్చే మాట కాదు ఇది. కానీ ఆ రోజు కూర్చున్నవాళ్లలో ఒక్కరు కూడా అపాల్డ్‌కూ అగాస్ట్‌కూ తేడా మర్చిపోరని పందెం కాస్తా.

నాకు బాగా నచ్చిన ఇంకో భాగం, ఇంగ్లీష్ పదాలను మన పదాల పక్కన నిలబెట్టి చూపించడం. హారిఫైడ్‌కు మూలమైన లాటిన్ మాటకు వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం అని అర్థం, మనకూ ఒళ్లు గగుర్పొడవడం ఉంది. అపాల్ అనే మాట పాత ఫ్రెంచిలో పాలిపోవడం నుంచి వచ్చింది, మనం మొహం పాలిపోయింది అంటాం (ధ్వని కలిసింది కాకతాళీయమే, చుట్టరికం కలపొద్దని సారు ముందే హెచ్చరించారు). పెట్రిఫైడ్ అంటే వాళ్లు రాయైపోతారు, మనం కొయ్యబారిపోతాం, మ్రాన్పడిపోతాం, అంటే చెట్టైపోతాం. అస్టోనిష్ లోపల ఉరుము ఉంది, మనకు నెత్తిన పిడుగు పడుతుంది. అవాక్కవడంలో వాక్కు పోతుంది, నిశ్చేష్టుడవడంలో కదలిక పోతుంది, దిగ్భ్రాంతిలో దిక్కులు తెలియకుండా పోతాయి. అగాస్ట్‌కు ఏది దగ్గర అంటే గది నుంచి రకరకాల జవాబులు వచ్చాయి, సారు మొగ్గింది నిశ్చేష్టుడు వైపు, నా ఓటు మాత్రం కొయ్యబారిపోవడానికే, నలుగురూ నోటితో అనే మాట కాబట్టి.

దిగ్భ్రాంతి ఎందుకు వద్దంటే పేపర్లు దాన్ని అరగదీశాయి. ఏ ప్రమాదం జరిగినా నాయకులు దిగ్భ్రాంతి వ్యక్తం చేస్తారు, ఆ మాట చదివితే ఇప్పుడు ఎవరికీ దిక్కులు తప్పిన మనిషి కనపడడు, ప్రెస్ నోట్ కనపడుతుంది. ఇంగ్లీష్ పేపర్లలో దాని జోడీ ఎక్స్‌ప్రెస్డ్ షాక్. అక్కడ అగాస్ట్ రాయొద్దు.

ఇప్పుడు లోపాలు. చాలానే ఉన్నాయి. ఇన్వర్టర్ లేదు, కరెంటు పోతే ఫోన్ల టార్చిలైటులో పాఠం నడుస్తుంది, ఎండాకాలం ఆ గది కుంపటే. ఇరుకైన బెంచీలు, ముందు వచ్చినవాళ్లకే గోడకు ఆనుకునే చోటు. సారు చేతిరాత చిన్నది, మూడో వరుస దాటితే కనపడదు, పెద్దగా రాయండి సార్ అంటే రెండు నిమిషాలు పెద్దగా రాసి మళ్లీ మామూలే. రికార్డింగ్ చేయనివ్వరు, ఒక రోజు మానేస్తే ఆ రోజు పదం పోయినట్టే, పక్కవాళ్ల నోట్స్ చూసి రాసుకుంటే సగమే వస్తుంది. ఒక వరస అంటూ లేదు, ఈరోజు అగాస్ట్ అయితే రేపు పేపర్లో కనపడిన ఏదో పదం. ఆడపిల్లలకు ఎనిమిది దాటాక ఊళ్లకు బస్సులు దొరకడం కష్టం, టైముకు వదలమని చాలామంది చెప్పారు, వింటారు, మర్చిపోతారు. ఇది మాత్రం నేను గట్టిగా తప్పుపడతాను. చెప్పేవాళ్లు ఎంత మంచివాళ్లయినా ఏడున్నర అంటే ఏడున్నరే.

ఇంకోటి, క్లాసులో ప్రశ్న అడిగే అలవాటు లేనివాళ్లకు ఇక్కడ కొంచెం ఇబ్బంది. వాక్యం తప్పు రాస్తే అందరి ముందూ చదివి వినిపిస్తారు. వెటకారం చేయరు గానీ సిగ్గున్నవాళ్లకు మొదటి వారం టెన్షన్ తప్పదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు అనవసరంగా భయపడుతున్నారు, నిజానికి ఈ క్లాసులో వాళ్లకే ఎక్కువ లాభం, ఎందుకంటే సారు సగం పాఠం తెలుగు మాటల మీదే నడుపుతారు, కొయ్యబారడం అంటే తెలిసినవాడికి పెట్రిఫైడ్ చెప్పడం తేలిక. ఇంగ్లీష్ మీడియం పిల్లలు ఇద్దరు మ్రాను అంటే ఏంటి అని అడిగారు, వాళ్లకు రెండు భాషలూ నేర్పాల్సొచ్చింది.

ఫోన్‌లో అన్నీ ఉండగా ఎనిమిది వందలు ఎందుకు అనేవాళ్లకు నా జవాబు ఏంటంటే, మీకు డిక్షనరీ పూర్తిగా చదివే అలవాటు ఉంటే నిజంగానే అవసరం లేదు. ఒక మంచి లెర్నర్స్ డిక్షనరీ తెరిచి ఉదాహరణ వాక్యాలన్నీ చదవండి. తెలుగు వైపు నుంచి చూడాలంటే ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో బ్రౌన్ నిఘంటువు, శంకరనారాయణ నిఘంటువు రెండూ ఒకేచోట వెతుక్కోవచ్చు, పైసా ఖర్చు లేదు. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది, అందులో కొన్ని మాటలు పాతబడ్డాయి గానీ మన ఊళ్లలో ముసలివాళ్లు వాడే మాటలు దొరుకుతాయి. మన గోలంతా ఏంటంటే మొదటి లైను చూసి ఫోన్ మూసేస్తాం.

వచ్చే నెలలో పరీక్ష ఉన్నవాళ్లు ఇక్కడికి రావొద్దు. పాత పేపర్లు చేసుకోండి, అదే మేలు. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు, డిస్క్రిప్టివ్ పేపర్ రాయాల్సినవాళ్లు, టీచర్ కావాలనుకుంటున్నవాళ్లు ఒక మూడు నెలలు కూర్చోండి, ముఖ్యంగా రేపు మీరే ఇంకొకళ్లకు ఇంగ్లీష్ చెప్పాల్సిన వాళ్లయితే. స్పోకెన్ కోసం వచ్చేవాళ్లకు నిరాశే, ఇక్కడ మాట్లాడించరు. ఐదుకు నేనైతే మూడున్నర ఇస్తా, టైముకు వదిలితే నాలుగు.

అడ్మిషన్ ఫారం ఏమీ లేదు. సారు ఫోన్ ఎత్తరు, కాబట్టి నేరుగా ఆరింటికి పది నిమిషాల ముందు వెళ్లండి, మొదటి రెండు రోజులు డబ్బులు అడగరు, ఊరికే కూర్చుని చూడొచ్చు. ఆదివారం, రెండో శనివారం సెలవు. రెండు వందల పేజీల నోట్‌బుక్ తీసుకెళ్లండి, వంద పేజీలది సరిపోదు. ముందు బెంచీ దొరకాలంటే ఐదున్నరకే ఉండాలి.